పడిశం మాత్ర

మా కోలారు జిల్లా పల్లెల్లో జలుబు అంటే కాస్త చదువుకున్నవాళ్ళ మాట. మామూలుగా అందరూ పడిశం అంటారు. పక్కింటి కన్నడంవాళ్ళు నెగడి అంటారు. మా ఇళ్ళలో ఆ మాట కూడా చెల్లుతుంది. పేరు ఏదైనా దాని గురించి మన పెద్దలు రెండు మాటలు చెప్పారు. ఒకటి, ‘పడిశం పది రోగాల పెట్టు’ అన్న సామెత. రెండోది, ‘మందు వేసుకుంటే వారం రోజుల్లో తగ్గుతుంది, వేసుకోకపోతే ఏడు రోజులు పడుతుంది’ అన్న పాత హాస్యం. ఈ రెండూ చిన్నప్పటి నుంచీ విన్నవే. వాటి అర్థం మాత్రం నాకు 2023 డిసెంబరులో, పది మాత్రలున్న ఒక అట్ట వల్ల తెలిసింది. మన పాఠకుల్లో చాలామందికి ఊళ్ళో పెద్దవాళ్ళున్నారు, ఇంట్లో చిన్నపిల్లలున్నారు. అందుకని ఆ సంగతి నలుగురితో చెప్పుకుంటే మంచిదనిపించింది.

మా నాయనకు అప్పటికి 74 ఏళ్ళు. కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో, చాంపియన్ రీఫ్ గనిలో దాదాపు ముప్పై ఏళ్ళు పనిచేసి, 2001 ఫిబ్రవరి ఆఖరున గనులు మూతపడ్డాక ఇంటిపట్టున ఉన్నాడు. రాబర్ట్‌సన్‌పేటలో చిన్న ఇల్లు. నేను బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ నెలకోసారి వెళ్ళి వస్తుంటాను. ఆ శనివారం సాయంత్రం మారికుప్పం బండి దిగి ఇల్లు చేరేసరికి నాయన దుప్పటి కప్పుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

‘‘ఏం నాయనా, ఒంట్లో ఎట్లుంది?’’ అన్నాను.

‘‘ఏమీ లేదురా, వట్టి పడిశం. మీ అమ్మ మిరియాల చారు కాచింది, పోతుందిలే’’ అన్నాడు.

అమ్మ మాత్రం, ‘‘రెండు రాత్రులైంది, ముక్కు బిగుసుకొని నిద్దర లేదు. కూర్చోనే తెల్లవార్చినాడు’’ అంది.

చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగి మందుల షాపుకు వెళ్ళాను. ‘‘అన్నా, పెద్దాయనకు పడిశం పట్టింది, ఏదైనా మంచి మాత్ర ఇవ్వండి’’ అన్నాను. ఆయన వెనక్కి తిరిగి చూడకుండానే అరలోంచి ఒక అట్ట తీసి కౌంటరు మీద పెట్టాడు. ఆయన ఏమీ అడగలేదు, నేనూ ఏమీ చెప్పలేదు. పేరు ఇక్కడ అనవసరం. అదే సరుకు పది కంపెనీలు పది పేర్లతో అమ్ముతున్నాయి. డబ్బులిచ్చి, కొడుకుగా నా పని నేను చేశాననుకుంటూ ఇంటికి వచ్చాను.

ఆ రాత్రి ఒకటి, ఆదివారం పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి వేశాం. సాయంత్రం ఒళ్ళు వెచ్చగా ఉందని అమ్మ తన డబ్బాలోంచి జ్వరం బిళ్ళ ఒకటి ఇచ్చింది. నాయన రోజంతా మగతగా పడుకునే ఉన్నాడు. నోరు పిడచకట్టుకు పోతోందని మాటిమాటికీ నీళ్ళు అడిగాడు. ముక్కు మాత్రం విడవలేదు. విశ్రాంతి దొరికిందిలే, మంచిదే అనుకున్నాను.

రాత్రి పదిగంటలకు అమ్మ నన్ను పక్కకు పిలిచి, ‘‘పొద్దున ఒంటికి పోయినాడంతే. మూడుసార్లు పోయి వచ్చినాడు, చుక్క రాలేదంటాడు’’ అంది. వెళ్ళి చూస్తే నాయన మంచం పట్టె పట్టుకుని వంగి కూర్చుని ఉన్నాడు. పొత్తికడుపు రాయిలా గట్టిగా ఉంది. భూమి కింద మూడు కిలోమీటర్ల లోతున పనిచేసి వచ్చిన రోజుల్లో కూడా అబ్బా అనని మనిషి, ఆ రాత్రి నా చెయ్యి పట్టుకుని వదలలేదు.

ఎదురింటివాళ్ళ కారులో కోలారుకు బయలుదేరాం. బంగారుపేట మీదుగా ముప్పై కిలోమీటర్లు. అంత దూరం ఎప్పుడూ అనిపించలేదు. ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ మాది తెలుగే అని గ్రహించి తెలుగులోనే అడిగింది.

‘‘ఏ మందులు వాడుతున్నారు?’’

‘‘బీపీకి ఒకటి వేసుకుంటాడమ్మా.’’

‘‘ఇంకేమైనా?’’

‘‘ఇంకేం లేవు. పడిశానికి ఏదో మాత్ర, అంతే.’’

‘‘ఆ ఏదో మాత్ర చూపించండి’’ అంటూ చెయ్యి చాచింది.

ట్యూబు వేసి తీస్తే లీటరుకు దగ్గరగా మూత్రం వచ్చింది. బీపీ 180 మీద 100 ఉంది. ఇంకొన్ని గంటలు ఆలస్యమైతే మూత్రపిండాలకు దెబ్బ తగిలేదన్నారు. నొప్పి తగ్గాక నాయన మొదట అన్నమాట, ‘‘ముక్కు మాత్రం ఇంకా విడవలేదురా.’’

ఆ మాటకు డాక్టరమ్మకు కూడా నవ్వు వచ్చింది. నాకు రాలేదు.

ఆ మాత్రలో ఏముంది?

తెల్లవారాక డాక్టరమ్మ ఆ అట్టను కిటికీ వెలుతురులో పెట్టి, వెనకవైపు చీమతలకాయల్లాంటి అక్షరాలు నాచేత చదివించింది. అందులో నాలుగు మందులున్నాయి. జ్వరానికీ ఒళ్ళునొప్పులకూ పారాసిటమాల్, ముక్కు కారడం ఆగడానికి క్లోర్‌ఫెనిరమిన్, ముక్కు విడవడానికి ఫినైలెఫ్రిన్, మగత తెలియకుండా కొంచెం కెఫీన్. మన దేశంలో అమ్మే జలుబు మాత్రల్లో ఎక్కువభాగం ఈ నాలుగింటిలోనో, వీటిలో మూడింటితోనో తయారైనవే.

మా నాయనను ఆసుపత్రి పాలు చేసింది ముఖ్యంగా క్లోర్‌ఫెనిరమిన్. అది పాతతరం అలర్జీ మందు. ముక్కులో తడిని ఆరబెడుతుంది, నోట్లో తడినీ ఆరబెడుతుంది, నిద్ర తెప్పిస్తుంది. దానితోపాటు మూత్రాశయపు కండరాన్ని కూడా సడలిస్తుంది. వయసు మీదపడిన మగవాళ్ళలో చాలామందికి ప్రోస్టేటు గ్రంథి పెరిగి మూత్రం దారిని ఇరుకు చేస్తుంది. అప్పటిదాకా కండరం కష్టపడి నెట్టుకొస్తూ ఉంటుంది. కండరం కూడా చేతులెత్తేస్తే ఇక దారి మూసుకున్నట్టే. ఫినైలెఫ్రిన్ జాతి మందులు ఆ ఇరుకుదారిని మరింత బిగించగలవు, బీపీని కూడా పెంచగలవు. కంటిలో ఒత్తిడి పెరిగే గ్లాకోమా జబ్బున్నవాళ్ళకూ ఈ మాత్రలు మంచివి కావు.

నాయన రాత్రిపూట నాలుగైదుసార్లు లేస్తున్నాడని అమ్మకు తెలుసు. ‘వయసైంది, మామూలే’ అనుకున్నారు. అది ఎవరూ నాకు చెప్పలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు. షాపాయనకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

ఇంకొక పొరపాటు కూడా జరిగింది. జలుబు మాత్రలో పారాసిటమాల్ ఉండగానే అమ్మ ఇచ్చిన జ్వరం బిళ్ళలో మళ్ళీ పారాసిటమాల్. ఒక్క బిళ్ళతో ప్రమాదం లేదు గాని, ఇలా తెలియకుండా నాలుగైదు రోజులు రెండు పేర్లతో అదే మందు వేసుకుంటే కాలేయం దెబ్బతింటుంది. పెద్దవాళ్ళకైనా రోజుకు 4 గ్రాములు దాటకూడదు. బక్కపలచని ముసలివాళ్ళకు, తాగుడు అలవాటున్నవాళ్ళకు అంతకన్నా తక్కువలోనే ఆపాలి.

ముక్కుదాకా చేరని మందు

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది ఫినైలెఫ్రిన్ కథ. ముక్కు బిగుసుకోవడమంటే లోపల చీమిడి నిండడం మాత్రమే కాదు. ముక్కులోపలి పొరలో రక్తనాళాలు ఉబ్బి దారి మూసుకుంటుంది. ఆ నాళాలను కుదించగల మందు కనుక ఫినైలెఫ్రిన్‌ను మాత్రల్లో కలిపారు. అమెరికాలో మందుల్ని పరిశీలించే ఎఫ్.డి.ఎ. సంస్థ సలహాసంఘం 1976లోనే దీన్ని పనికివచ్చే మందుల జాబితాలో చేర్చింది.

అప్పట్లో దానికన్నా గట్టిగా పనిచేసే మందులు రెండుండేవి. ఒకటి ఫినైల్‌ప్రొపనోలమిన్. దానివల్ల మెదడులో రక్తస్రావమయ్యే ప్రమాదముందని యేల్ విశ్వవిద్యాలయం పరిశోధనలో తేలగా, 2000లో అమెరికా దాన్ని వాడవద్దంది. మన దేశంలో కూడా 2011 ఫిబ్రవరిలో దాన్ని నిలిపివేస్తూ ప్రకటన వెలువడింది. రెండోది సూడోఎఫెడ్రిన్. దానితో దొంగచాటుగా మత్తుమందు వండుతున్నారని 2006 నుంచి అమెరికాలో దాన్ని కౌంటరు వెనక్కి మార్చారు. పేరు రాయించుకుంటేగాని ఇవ్వరు. ఆ ఖాళీలోకి ఫినైలెఫ్రిన్ వచ్చి కూర్చుంది. అరల్లో ఎదురుగా కనిపించే జలుబు మాత్రలన్నిటిలో అదే అయింది.

మరి అది పనిచేస్తుందా? ఫ్లారిడా విశ్వవిద్యాలయానికి చెందిన హెండెలిస్, హాటన్ అనే ఇద్దరు ఫార్మసీ ఆచార్యులు 2007లో ఒకసారి, 2015లో మరోసారి ఎఫ్.డి.ఎ.కు అర్జీలు పెట్టుకున్నారు, దీన్ని మళ్ళీ పరీక్షించమని. చివరకు 2023 సెప్టెంబరులో సలహాసంఘం కూర్చుని, నోటితో మింగే ఫినైలెఫ్రిన్ ముక్కు దిబ్బడకు పనిచేయదని 16 మందీ ఏకగ్రీవంగా తేల్చారు. కారణం మన వంటింటి భాషలో చెప్పుకోవచ్చు. కుండలో పోసిన నీళ్ళు పొయ్యిమీదే ఇగిరిపోతే గ్లాసులోకి ఏం వస్తాయి? మింగిన మందును పేగుల గోడలూ కాలేయమూ కలిసి దారిలోనే విరిచేస్తాయి. పనిచేసే రూపంలో రక్తంలోకి చేరేది నూటికి ఒక పాలు కూడా లేదు. 2024 నవంబరులో ఎఫ్.డి.ఎ. దీన్ని జలుబు మాత్రల మందుల జాబితాలోంచి తొలగించాలని ప్రతిపాదన చేసింది. ఇది హానికరమని కాదు, పనిచేయదని. ముక్కులో వేసుకునే చుక్కల రూపంలో అయితే పనిచేస్తుంది.

అంటే మా నాయన అన్నమాట, ‘ముక్కు విడవలేదు’ అన్నది, పదహారుమంది నిపుణులు మూడునెలల ముందే చెప్పిన మాట.

చుక్కలంటే గుర్తుకొచ్చింది. ఆక్సీమెటాజొలిన్, జైలోమెటాజొలిన్ చుక్కలు నిమిషాల్లో ముక్కు విడిపిస్తాయి, నిజమే. కాని మూడు నుంచి ఐదు రోజులు దాటి వాడితే ముక్కు వాటికి అలవాటు పడి, వేయకపోతే మరింత బిగుసుకుపోతుంది. నా స్నేహితుడొకడు పడిశం తగ్గిన ఆరునెలల తర్వాత కూడా ఆ సీసా జేబులో పెట్టుకునే తిరిగేవాడు. పడిశం వదిలింది, సీసా వదల్లేదు.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో మందుల చట్టం 1940 నాటిది, నియమాలు 1945 నాటివి. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందులకు పట్టికలున్నాయి గాని, చీటీ లేకుండా అమ్మదగినవి ఇవీ అని విడిగా ఒక పట్టిక మాత్రం లేదు. ఆచరణలో జలుబు మాత్రలు కిరాణా కొట్లో చాక్లెట్ల సీసా పక్కన కూడా దొరుకుతాయి.

నాలుగైదు మందులు ఒకే మాత్రలో కలపడం మీద కూడా మనవాళ్ళు పోరాడకపోలేదు. 2016 మార్చి 10న కేంద్రప్రభుత్వం 344 రకాల మిశ్రమ మందుల్ని ఒక్కసారిగా నిషేధించింది. వాటిలో జలుబు, దగ్గు మందులు చాలా ఉన్నాయి. కంపెనీలు కోర్టుకు వెళ్ళాయి. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. సుప్రీంకోర్టు ఆదేశం మీద నిపుణులు మళ్ళీ పరిశీలించాక, 2018 సెప్టెంబరులో 328 మిశ్రమాల్ని నిషేధించారు. ఒక్కో మందుకు ఒక్కో అవసరం ఉంటుంది. అవసరం లేనివాటిని కలిపి మింగించడం వైద్యం కాదన్నది ఆ నిపుణుల వాదన సారాంశం. ముక్కు దిబ్బడ మాత్రమే ఉన్న మనిషికి జ్వరం మందూ నిద్రమందూ కలిపి ఇవ్వడం ఎందుకు?

అమృతాంజనం ఏం చేస్తుంది?

ఇంతకీ పడిశానికి మన తెలుగువాడి పేరు ముడిపడిన మందొకటుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత కచేరీల్లో ఉచితంగా పంచి దానికి పేరు తెచ్చారని చెబుతారు. ఆ వ్యాపారం మీద వచ్చిన డబ్బుతోనే 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రికగా మొదలై, 1914లో మద్రాసు చేరి దినపత్రికైంది. మన ప్రవాసాంధ్రులకు ఆయన ఆది గురువులాంటివారు. మా ఇంట్లో కూడా ఆ పచ్చని డబ్బా దేవుడి గూటి పక్కనే ఉంటుంది.

అలాంటి లేపనాల్లో ఉండే పుదీనా పువ్వు, అదే మెంథాల్, నిజంగా ముక్కు దారిని పెద్దది చేయదని ఇంగ్లండులో, వేల్సులో జరిగిన ప్రయోగాల్లో తేలింది. చల్లదనాన్ని పసిగట్టే నరాలను తట్టి, గాలి బాగా ఆడుతున్నట్టు అనిపింపజేస్తుంది. అంతే. అయితే రాత్రిపూట ఆ అనిపించడమే చాలు, నిద్ర పడుతుంది. పైపూత కనుక మూత్రాన్ని బిగించదు, బీపీని పెంచదు. కర్పూరం కలిసిన లేపనాల్ని మాత్రం రెండేళ్ళలోపు పిల్లలకు రాయకూడదు.

పడిశానికి మందు ఎందుకు లేదు?

ఇంగ్లండులో సాల్జ్‌బరీ దగ్గర 1946 నుంచి 1990 దాకా జలుబు కోసమే ఒక పరిశోధనశాల నడిపారు. వేలమంది వాలంటీర్లు వచ్చి, కావాలని జలుబు అంటించుకుని, పదిరోజులు ఉచిత భోజనంతో అక్కడ ఉండి వెళ్ళేవారు. 44 ఏళ్ళ తర్వాత జలుబు గురించి ఎంతో తెలిసింది గాని మందు మాత్రం దొరక్కుండానే దాన్ని మూసేశారు. ఎందుకంటే జలుబు ఒక జబ్బు కాదు. 200కు పైగా వైరస్‌లు తెచ్చే జబ్బుల గుంపు అది. వాటిలో రైనోవైరస్ ఒక్కదానికే 160 దాకా రకాలున్నాయి. ఒకటి తగ్గాక ఇంకొకటి పట్టుకోవచ్చు. వైరస్‌ల మీద యాంటీబయాటిక్‌లు పనిచేయవు. కాబట్టి పడిశానికి యాంటీబయాటిక్ ఇమ్మని అడగడం కూడా వృథాయే.

మందేదైనా అది బాధను కాస్త తగ్గించేదే. నయం చేసేది ఒళ్ళే, వారం పదిరోజుల్లో.

గని ఊరి దగ్గు

ఇక మా ఊరికి ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. నాయనకు ట్యూబు వేసిన మర్నాడు డాక్టరమ్మ, ‘‘గనిలో ఎన్నేళ్ళు చేశారు తాతా?’’ అని అడిగి, ఎక్స్‌రే తీయించింది.

కోలారు బంగారం స్ఫటికరాతి పొరల్లో ఉండేది. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చిన దగ్గర్నుంచి మూతపడేదాకా దాదాపు 800 టన్నుల బంగారం తీశారంటారు. ఒక్కొక్క తులానికీ ఎంతో రాయి పిండి చేయాలి. ఆ రాతిధూళి ఊపిరితిత్తుల్లో చేరి గట్టిపడితే సిలికోసిస్ అనే జబ్బు. మన దేశంలో ఆ జబ్బును మొట్టమొదట గుర్తించింది 1934లో, మా కోలారు గనుల్లోనే. 1940లో మైసూరు సంస్థానం దానికి నష్టపరిహారం నియమాలు చేసింది. తర్వాత జరిగిన పరీక్షల్లో చూసిన కార్మికుల్లో నూటికి నలభైమందికి పైగా ఆ జబ్బు కనిపించింది. తడిపి తొలిచే పద్ధతులు వచ్చాక ధూళి తగ్గింది గాని పూర్తిగా పోలేదు.

గనులు పోయినా గుట్టలు మిగిలాయి. బంగారం తీసుకున్నాక పారబోసిన పిండి మూడుకోట్ల టన్నులకు పైగా ఊరి చుట్టూ గుట్టలుగా పడి ఉంది. సైనైడు దిబ్బలంటారు మావాళ్ళు. గాలికాలంలో ఆ పిండి లేచి ఇళ్ళలోకి వస్తుంది. పొద్దున ఆరేసిన బట్టలు సాయంత్రానికి బూడిదరంగు. ముక్కు కారడం, దగ్గు, ఆయాసం మా ఊళ్ళో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఒకప్పుడు గని ఆసుపత్రి ఉండేది. గనులతోపాటే అదీ మూతపడింది. 2021లో కోవిడ్ రోగుల కోసం ఆ పాత ఆసుపత్రిని శుభ్రం చేసి బాగుచేసిన సంగతి పత్రికల్లో వచ్చింది. ఆసుపత్రి పోయిన ఊళ్ళో మందుల షాపే ఆసుపత్రి. దగ్గు సిరప్పే వైద్యం.

అసలు ప్రమాదం అక్కడే ఉంది. సిలికోసిస్ ఉన్నవాళ్ళకు క్షయ పట్టే అవకాశం మిగతావాళ్ళకన్నా బాగా ఎక్కువ. ‘పడిశం దగ్గేలే’ అని సిరప్పులు మారుస్తూ మూడునెలలు గడిపేస్తే అసలు జబ్బు లోపల పెరుగుతుంది. మా నాయన ఎక్స్‌రేలో పాత మచ్చలున్నాయి. కళ్ళె పరీక్షలో క్షయ లేదని తేలింది. ‘‘గనిలో చేసినోళ్ళందరికీ ఉండేదే గదమ్మా’’ అన్నాడాయన మామూలుగా. ‘‘అందుకే ఏడాదికొకసారి చూపించుకోవాలి’’ అంది డాక్టరమ్మ.

రెండువారాలు దాటిన దగ్గు ఎవరికున్నా, గని ఊరివాళ్ళైనా కాకపోయినా, కళ్ళె పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితం.

పిల్లల విషయం

పెద్దవాళ్ళ సంగతి ఇలా ఉంటే పిల్లల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందుల్ని నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడరాదని సీసాల మీద రాయాలంటూ 2023 డిసెంబరులో మన ఔషధ నియంత్రణ అధికారి ఆదేశమిచ్చారు. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో ఇరవైమందికి పైగా పసిపిల్లలు దగ్గు సిరప్పు తాగి చనిపోయారు. అందులో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం కలిసింది. 2022లో ఆఫ్రికాలోని గాంబియాలో జరిగిందీ ఇలాంటిదే. ఛింద్వాడా ఘటన తర్వాత కేంద్ర ఆరోగ్యశాఖ, రెండేళ్ళలోపు పిల్లలకు జలుబు దగ్గు మందులు ఇవ్వనే వద్దని, ఐదేళ్ళలోపు వాళ్ళకు సాధారణంగా సిఫారసు చేయరాదని మరోసారి చెప్పింది.

మన పిల్లలు పరదేశాల్లో పుట్టి, సెలవులకు ఊరు వచ్చినప్పుడు పడిశం పట్టడం మామూలే. అమ్మమ్మలు కంగారుపడి సిరప్పు తెప్పిస్తారు. ఆ ప్రేమను కాదనకుండా, సీసాను మాత్రం పక్కన పెట్టించండి.

మరి ఏం చేయాలి?

డాక్టరమ్మ చెప్పినవి, తర్వాత నేను తెలుసుకున్నవి కలిపి ఇక్కడ ఇస్తున్నాను.

1. మరగబెట్టి చల్లార్చిన పావులీటరు నీళ్ళలో అరచెంచా ఉప్పు కలిపి ముక్కులో చుక్కలుగా వేసుకోవచ్చు. పిల్లలకైతే దుకాణంలో దొరికే ఉప్పునీటి చుక్కలు మేలు.

2. మిరియాల చారు, ఉలవచారు, వేడి గంజి వైరస్‌ను చంపవు. గొంతుకు హాయినిస్తాయి, ఒంట్లో నీరు తగ్గకుండా చూస్తాయి. పడిశంలో కావలసింది అదే. రాగిసంగటి మీద వేడి వేడి చారు పోసుకుని తినే మావాళ్ళ పద్ధతిని ఏ డాక్టరూ తప్పుపట్టలేదు.

3. పడుకునేముందు చెంచాడు తేనె దగ్గును నెమ్మదింపజేస్తుంది. ఏడాది నిండని బిడ్డకు మాత్రం తేనె ఇవ్వనే కూడదు.

4. జ్వరమో ఒళ్ళునొప్పులో ఉంటే ఉత్త పారాసిటమాల్ చాలు. నాలుగు మందుల కలగూరగంప అక్కర్లేదు.

5. ఆవిరి పట్టడం పెద్దవాళ్ళకు హాయినిస్తుంది. మరిగే నీళ్ళ గిన్నె దగ్గరకు పిల్లల్ని రానివ్వకండి. కాలిన గాయాలు పడిశంకన్నా ఎన్నోరెట్లు చెడ్డవి.

6. ఆయాసం, ఛాతీనొప్పి, మూడురోజులు దాటిన జ్వరం, రక్తం పడడం, మూత్రం ఆగడం, వీటిలో ఏది కనిపించినా షాపుకు కాదు, డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

7. మందుల షాపులో తప్పనిసరిగా చెప్పవలసినవి నాలుగు: మనిషి వయసు, బీపీ షుగరు ఉన్నాయా, మూత్రం ఇబ్బంది ఉందా, ఇప్పటికే వాడుతున్న మందులేమిటి. ఆయన అడగకపోయినా మనమే చెప్పాలి.

ఇంకొక మాట. విదేశాల నుంచి వచ్చేవాళ్ళు అమ్మానాన్నలకు పెద్ద పెద్ద సీసాల్లో జలుబు మాత్రలు తేవడం మనలో ఆచారమైపోయింది. పగటికొకటి, రాత్రికొకటి. రాత్రి మాత్రల్లో చాలావాటిలో నిద్రతెప్పించే పాత అలర్జీ మందే ఉంటుంది. అట్టమీద ఇంగ్లీషు చదవలేని అమ్మ, కొడుకు తెచ్చిందని నమ్మకంగా వేసుకుంటుంది. తెచ్చేముందు ఆ అట్ట వెనక ఒకసారి చదవండి.

మా నాయనకు ట్యూబు ఐదోరోజు తీశారు. ప్రోస్టేటుకు రోజూ ఒక మాత్ర రాశారు. ఇప్పుడు రాత్రిపూట ఒకసారే లేస్తున్నాడు. రెండేళ్ళుగా ఆయన పడుతున్న ఇబ్బందికి మందు ఉందని, అది కూడా ఇంత చిన్నదని మాకు తెలియడానికి ఆ రాత్రి రావలసి వచ్చింది.

బీరువా తలుపు లోపల ఒక కాగితం అంటించాను. నాయన వాడే మందులు, వేయకూడనివి, పెద్ద పెద్ద తెలుగు అక్షరాల్లో. అమ్మ దానిమీద కుంకుమ బొట్టు కూడా పెట్టింది. పోయిన చలికాలం ఆయనకు మళ్ళీ పడిశం పట్టింది. అమ్మ ఫోను చేసి చెబితే రెండురోజులు సెలవు పెట్టి వెళ్ళాను. ఈసారి మందుల షాపుకు వెళ్ళలేదు. పక్కన కూర్చుని, ఉప్పునీళ్ళు కలిపి ఇచ్చి, గని కబుర్లు చెప్పించుకున్నాను. తొమ్మిదోరోజుకు పడిశం తగ్గింది.

‘‘చూసినావా, మందు లేకుండానే పోయింది’’ అన్నాడు నాయన.

‘‘వేసుకుని ఉంటే వారంలో పోయేది’’ అన్నాను.

ఈసారి ఇద్దరం నవ్వుకున్నాం.